చెదరని చుక్క

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. మా ఆడబిడ్డ విషయంలో ఆ సగం లెక్క తప్పు. మా ఆయనకు అక్క, వీధికంతా మీటరక్క. పాత ట్రాక్టర్ల మీటర్లు, వైర్లు బాగుచేస్తుంది. ఆవిడ షాపు గోడకు ఇవతల మా వంటిల్లు. ఏం కావాలన్నా స్పానరుతో గోడ మీద రెండు దెబ్బలు వేస్తుంది. ఇరవై ఏళ్ళుగా నా వంటింట్లో సున్నం రాలుతూనే ఉంది.

పని మాత్రం నిక్కచ్చి. మొగుడు పోయేనాటికి ఆవిడకు మిగిలినవి అతని పనిముట్లు, సగం నేర్చిన పని. మిగతా సగం పాడైన మీటర్లు విప్పుకుంటూ తనే నేర్చుకుంది. ఎక్కడైనా నీటిచుక్క కారిందంటే ఆవిడ ప్రాణం ఊరుకోదు. అందుకే మరలున్న ప్రతిదానికీ కుళాయిలకు చుట్టే తెల్ల టేపు చుట్టి మరీ బిగిస్తుంది. బిగించాక బోల్టుకూ ఇంజనుకూ కలిపి ఎర్ర రంగు చుక్క పెడుతుంది. ఎవరు కదిలించినా ఆ చుక్క చీలిపోతుంది. "నా చుక్క చెదరకపోతే నా పనీ చెదరనట్టే" అనేది. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది.

ఎందుకంటే, రెండేళ్ళ కిందట మా ఆయన ఇటుకల బట్టీలో ట్రాక్టర్ తోలేవాడు. ఒకరోజు ఇంజను వేడెక్కి పట్టేసింది. వేడి చూపించే ముల్లు పచ్చగీత దాటలేదని, తను చూస్తూనే ఉన్నానని నెత్తీనోరూ కొట్టుకున్నాడు. అంతకు నెల ముందే ఆ ఇంజనుకు వేడి కొలిచే సెన్సార్ బిగించింది మీటరక్క. బట్టీ యజమాని ఆవిణ్ణే పిలిచి అడిగాడు. ఆవిడ చుక్క చూసింది. చెదరలేదు. అందరి ముందూ తమ్ముడి మొహాన అనేసింది.

"ముల్లు అబద్ధం చెప్పదురా. మనుషులే చెబుతారు. ఎక్కడో కునుకు తీసుంటావ్."

అంతే. పదహారేళ్ళు స్టీరింగు పట్టిన మనిషిని దించేసి, అదే బట్టీలో ఇటుకలు మోయించారు. సాయంత్రమయ్యేసరికి నడుం పట్టుకుని గుమ్మం ఎక్కేవాడు. అక్క షాపు గడప మళ్ళీ తొక్కలేదు. నేను మాత్రం రాకపోకలు మానలేదు. రోజుకొకసారి ఆవిణ్ణి దెప్పకపోతే నాకు ముద్ద దిగేది కాదు.

మొన్న అదే ట్రాక్టర్ షాపుకు వచ్చింది. రేడియేటర్లోంచి ఆవిరి బుసలు కొడుతుంటే కొత్త డ్రైవర్ భయపడి ఆపేశాడట. ముల్లు మాత్రం అడుగున పడుకుని లేవలేదట. గోడ మీద రెండు దెబ్బలు పడ్డాయి.

"మరదలా! గిన్నెడు నీళ్ళు మరగబెట్టి పట్రా!"

"పాలగిన్నె ఇవ్వను వదినా. పోయినసారి గ్రీజు వదిలించేసరికి నా గోళ్ళు ఊడొచ్చాయి!"

"నీ నోటి వేడికే మరిగేట్టున్నాయి, త్వరగా రా!"

పాలగిన్నెతోనే వెళ్ళాను. యజమాని స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వదిన సెన్సార్ మీది వైరు పీకి ఇంజను ఇనుముకు తాకించింది. ముల్లు ఒక్క ఊపున ఎర్రగీతకు లేచింది.

"మీటరు మంచిదే, వైరూ మంచిదే. పోయింది సెన్సారే" అంటూ స్పానరు వేసింది. ఇంజను బాగుచేయించినప్పుడు కూడా ఆ సెన్సార్ జోలికి ఎవరూ పోలేదు. ఎర్ర చుక్క ఇప్పుడు ఆవిడ చేతిలోనే చీలింది. దాన్ని బయటకు తీసి, వైరు తగిలించి, దాని ఒంటికి ఇంకో వైరు చుట్టి ఇంజనుకు కలిపింది. అలాగే నా గిన్నెలో ముంచింది. ముల్లు బుద్ధిగా లేచింది.

అంటే సెన్సారూ మంచిదే. మరి దేనికొచ్చింది రోగం?

వదిన సెన్సార్‌ని వెలుతురులో తిప్పి చూసింది. మరల నిండా తెల్ల టేపు. ఆ మరలు ఇంజను ఇనుముకు నేరుగా ఆనాలి, అదే దానికి ఎర్త్, కరెంటు తిరిగెళ్ళే దారి. ఈవిడ రెంటికీ మధ్య పరుపు పరిచింది. బిగించిన రోజు టేపు కొంచెం తెగి, కాస్త తగిలి, ముల్లు పచ్చ దాకా లేచి ఉంటుంది. అది చాలనుకుంది. ఎంత వేడెక్కినా అక్కడే ఆగుతుందేమోనని చూడలేదు.

"ఎవడు చుట్టాడమ్మా ఇది?" అన్నాడు యజమాని.

వదిన టేపు కొస గోటితో లాగి చూసింది. నేను ఊరుకుంటానా?

"చెప్పు వదినా! నీ చుక్క చెదరలేదుగా! ముల్లు అబద్ధం చెప్పదన్నావే, దానికి అబద్ధం నేర్పింది నువ్వు కాదూ? రెండేళ్ళు నా మొగుడి నడుం విరిచావు కదే!"

ఒకటికి పది అప్పజెప్పే మనిషి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. అలాంటిది, సెన్సార్‌ని గుప్పిట్లో పెట్టుకుని, చేతులైనా కడుక్కోకుండా బట్టీకి నడిచింది. వెనకే నేను, నా వెనక యజమాని.

మా ఆయన నెత్తిన ఇటుకలున్నాయి.

"దించరా" అంది. దించాడు. గుప్పిట విప్పి పనివాళ్ళందరికీ వినబడేలా చెప్పింది. "ఇంజను పోయింది వీడి వల్ల కాదు. నేను చుట్టిన టేపు వల్ల. వీడు చూశానంటే చూసినట్టే. ట్రాక్టర్ తాళం వీడికివ్వండి."

"సరే, రేపట్నించి రమ్మనండి" అన్నాడు యజమాని, పెద్ద దానం చేస్తున్నట్టు.

నేను అడ్డుపడ్డాను. "మీ ముందే నిలబడ్డాడుగా! ఇంకెక్కడికి రమ్మంటారు?"

యజమాని జేబులోంచి తాళం తీసిచ్చాడు.

"తిట్టరా" అంది వదిన. "ఒక్క మాటన్నా తిట్టు."

మా ఆయన అరచేతుల దుమ్ము దులుపుకున్నాడు. "టేపు ఎవరైనా చుడతారక్కా. నీకు నా మాట కన్నా ముల్లు ఎక్కువైంది. అదే కోపం నాకు."

"అలా అడగండి!" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వేం అడిగావే ఆ రోజు? ఇంటికి రాగానే, కనీసం మంచినీళ్ళైనా ఇవ్వకుండా, నిజం చెప్పు, కునుకు పట్టిందా అన్నావు."

అన్నాను. రెండేళ్ళుగా వదిన మీద అరిచిన అరుపుల కింద ఆ మాటని కప్పెట్టుకుంటూ వచ్చాను.

ఆయన ట్రాక్టర్ కోసం షాపు వైపు నడిచాడు. దించిన ఇటుకల పక్కన వదినా నేనూ మిగిలాం. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.