ఒడ్డు చేరే అధ్యాయాలు

పాత ఓడ ప్రయాణాల పుస్తకాలంటే నాకు పిచ్చి. తెరచాపల కాలంలో కెప్టెన్లు, వాళ్ల వెంట వెళ్లినవాళ్లు రాసుకున్నవి. ఆదివారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద, కోచింగ్ గైడ్ల కుప్పల అడుగున ఎప్పుడో ఒకటి దొరికేది. గుడ్డ అట్ట, బొమ్మల మీద పల్చటి కాగితం, మడతలు విప్పితే ఒళ్లో పట్టనంత మ్యాపు. పురుగులు సగం ఆఫ్రికాను తినేసినా సరే, ఎల్బీనగర్ దాకా బస్సులో గుండెకు హత్తుకుని తెచ్చుకునేదాన్ని. హైదరాబాదు శివారు అల్మాస్‌గూడలో పుట్టిన నేను పెళ్లయ్యేదాకా సముద్రమే చూడలేదు మరి.

ఆఖరి అధ్యాయం మాత్రం చదివేదాన్ని కాదు. ఓడ సొంత రేవు చేరిందంటే ఇంకేముంటుంది? అక్కడికి పుస్తకం మూసేసేదాన్ని.

మా ఆయనది కోస్తాలో సముద్రం పక్క ఊరు. ఉద్యోగానికి వచ్చి, నన్ను చేసుకుని, ఇక్కడే ఎల్బీనగర్‌లో ఇల్లు కట్టాడు. నా పుస్తకాలను ముట్టుకున్న పాపాన పోలేదు. "చేపల కంపు లేని సముద్రమే నీది" అని ఏడిపించేవాడు.

తెలంగాణ ఉద్యమం వేడెక్కాక ఆ మనిషి నవ్వడం మానేశాడు. ఆఫీసులో కలిసి టీ తాగేవాళ్లు ఆయన రాగానే మాట మార్చేవారట. మా తమ్ముడు ఉద్యమంలో తిరిగేవాడు. "నీకేం గాదు బావా, మేం లేమా?" అని వాడంటే, "మీరున్నారనేరా నా భయం" అన్నాడు. వాడు నవ్వాడు. ఈయన నవ్వలేదు.

ఒకరోజు తేల్చి చెప్పేశాడు, ఇల్లు అమ్మేసి వాళ్ల ఊరు వెళ్లిపోదామని.

"ఎప్పుడూ సముద్రం సముద్రం అంటావుగా. పద, రోజూ చూద్దువుగాని."

నాకు ఒళ్లు మండింది. "నాకు పుస్తకంల సముద్రం చాలు. నేనేడికీ రాను" అన్నాను.

వింటేగా! బ్రోకర్‌తో మాట్లాడేశాడు. ముందుగా నా పుస్తకాలనే అట్టపెట్టెల్లో సర్దాడు, అవి కదిలితే నేనూ కదులుతాననుకున్నాడు కాబోలు. ఆ పెట్టెలు చూసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

కొనేవాళ్లు మాట ఖాయం చేసుకోవడానికి వస్తామన్న రోజునే బంద్ వచ్చిపడింది. బస్సుల్లేవు. రింగురోడ్డు వైపు నుంచి నినాదాలు, టైర్లు కాలిన వాసన. ఎటూ పోలేక ఆయన ఒక పెట్టె విప్పాడు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి చుట్టూ పుస్తకాలు పరుచుకుని కూర్చున్నాడు. చూద్దును కదా, ప్రతి పుస్తకమూ ఆఖరి అధ్యాయం దగ్గరే తెరిచి ఉంది.

"గిదేం చదువుడు? ఎవరన్న ఆఖరుకెల్లి మొదలువెడ్తరా?"

"ఇంటికెలా చేరారో చూద్దామని" అన్నాడు, తల ఎత్తకుండా.

ఒక పుస్తకం మీద వేలు పెట్టి అన్నాడు: "ఈ కెప్టెన్ రేవులో దిగితే తెలిసిన మొహం ఒక్కటీ లేదట. ఇంకొకాయన సొంత వీధికి దారి అడగాల్సొచ్చిందట. మొన్న మా ఊరెళ్తే టీకొట్టు దగ్గర నన్నేమన్నారో తెలుసా? హైదరాబాదాయన వచ్చాడన్నారే! నేను పుట్టింది ఆ టీకొట్టు వెనకాల ఇంట్లోనే."

పక్కన కూర్చుని ఆ పుస్తకం నా ఒళ్లోకి తీసుకున్నాను.

సాయంత్రం బ్రోకర్ ఫోన్ చేశాడు, బంద్ సద్దుమణిగింది, వాళ్లు బయల్దేరుతున్నారని. "వద్దులెండి, అమ్మట్లేదు" అని ఈయన పెట్టేశాడు.

నా పంతమే నెగ్గింది. పుస్తకాలు మళ్లీ అలమర ఎక్కాయి. పొంగిపోవాల్సిన దాన్ని, పొంగలేకపోయాను. ఇక్కడేమో ఆంధ్రాయన, అక్కడేమో హైదరాబాదాయన. ఆ తర్వాత సెలవులకైనా ఊరెళ్దామని ఆయన నోటివెంట రాలేదు. నా పుస్తకాలు మా ఇల్లు నిలబెట్టాయి గానీ, ఆయనకి ఊరు లేకుండా చేశాయి.

ఇప్పుడు ఏ పుస్తకం తెచ్చుకున్నా ముందు ఆఖరి అధ్యాయమే తీస్తాను. రేవులో తననొకడు గుర్తుపట్టి పేరు పెట్టి పిలిచాడని ఏ కెప్టెనైనా రాసి ఉంటే, ఆయనకి చదివి వినిపించాలని. ఇంకా దొరకలేదు.