సిల్వేర్ వీపు

ఫ్రాన్సులోని ఆర్ల్ పట్నంలో రొట్టెల కొట్టు నడిపే సిల్వేర్ వయసులో ఉన్నప్పుడు జువావ్ పటాలంలో సిపాయిగా పనిచేశాడు. ఆనాటి ఎర్రటి వదులు లాగు, పసుపు అంచుల నీలం కోటు ఇంకా పెట్టెలో దాచుకున్నాడు. విశ్రాంతి తీసుకుంటున్న సిపాయిల బొమ్మ వేయడానికి పారిస్ నుంచి చిత్రకారుడొకడు వస్తే, అవి తొడుక్కుని అందరికంటే ముందు వెళ్లి నిలబడ్డాడు. తీరా చూస్తే పొట్ట మీద గుండీలు కలవలేదు.

"తమరు అటు తిరిగి పడుకోండి," అన్నాడు చిత్రకారుడు మర్యాదగా.

ఆ సంగతి మింగేసి, "బొమ్మలో నా మీసం చూస్తే దడుచుకుంటారు!" అని సిల్వేర్ ఊరంతా ఊదరగొట్టాడు.

పురభవనంలో బొమ్మ పెట్టిన రోజు జనమంతా ఆ మీసం కోసం వెతికారు. సిల్వేర్ తల ఎత్తలేదు. అతని భార్య ఒర్తాన్స్ మాత్రం, మూలన అటు తిరిగి నిద్రపోతున్న సిపాయిని చూపించి పకపకా నవ్వింది.

"ఇదిగో మా ఆయన! రోజూ రాత్రి నేను చూసేది ఈ వీపేగా!"

"పొయ్యి దగ్గర మాకూ కనిపించేది అదేనమ్మోయ్!" అన్నారు రొట్టెలు కొనేవాళ్లు.

సిల్వేర్ ముఖం కందగడ్డలా అయింది. కాసేపటికి ఏమనుకున్నాడో, బొమ్మ పక్కకి వెళ్లి జనానికి వీపు చూపిస్తూ ఠీవిగా నిలబడ్డాడు.

"పోలిక కుదిరిందా?"

"కాస్త సన్నగానే వేశాడయ్యా, మంచివాడు," అంది ఒర్తాన్స్.