సర్కారు కాడ లెక్క లేదు

ఆదోని బస్టాండులో మౌలాలికి రెండు ఉద్యోగాలు. పొద్దున పేపర్లు అమ్మేవాడు, మధ్యాహ్నం నుంచి అదే పేపరుకు వార్తలు రాసేవాడు. మొదటి పనికి నాలుగు మెతుకులు దొరికేవి, రెండో పనికి సలాములు దొరికేవి. సలాములతో పులుసు కాచే విద్య తెలియని అతని భార్య నసీబ్‌బీ మాత్రం ఆ రెండోదాన్ని ఉద్యోగమని ఏనాడూ ఒప్పుకోలేదు.

డెబ్బైల మొదట్లో చేరిన మనిషి, పుష్కరం దాటినా అతని పేరు పేపర్లో పడలేదు. ఉరుకుంద ఈరన్న జాతరకు పోయే బండి బోల్తా పడినా, జొన్నగిరి చేలల్లో వానకు వజ్రం తేలినా, రాసింది మౌలాలే గాని పైన పడేది మాత్రం ‘మా ఆదోని విలేఖరి’ అనే మూడు మాటలు. ఆ మూడు మాటల వెనక ఒక మనిషి ఉన్నాడని, ఆ మనిషికి తల్లి దర్గాలో మొక్కుకొని పెట్టిన పేరొకటి ఉందని ఎవరికి పట్టింది? పేరు పడాలి. ఒక్కసారి పడితే చాలు. ఇంతకు మించి అతను అల్లాను కూడా ఏమీ అడగలేదు.

అట్లని అతను వట్టి జాతరల విలేఖరి కాదు, నాయకులతో ఇంటర్వ్యూలు కూడా చేసేవాడు. ఈ సీమలో నాయకుడి ఇంటర్వ్యూకు రెండు భాగాలుంటాయి. మొదటిది ‘రాసుకో’ భాగం. అందులో నాయకుడు పేదల కోసమే పుట్టి ఉంటాడు, పేదలను తలచుకొని రాత్రిళ్ళు నిద్రపోడు, అధిష్ఠానం ఏం చెప్పినా శిరసావహిస్తాడు. అది అయినాక పెన్నుకు మూత పెట్టమని సైగ చేసి, భుజం మీది తువ్వాలు సర్దుకొని, “ఇది రాయొద్దప్పా” అంటాడు. ఎవడు ఎంత మింగినాడో, ఏ గుత్త ఎవడి బామ్మర్దికి పోయిందో అప్పుడు బయటికొస్తుంది. మౌలాలి కడుపులో అట్లాంటి రాయొద్దులు గోతాములకు గోతాములు ఉండేవి. పేపర్లో పడేది మాత్రం నాయకుడు నిద్రపోని కథే.

ఎనభై నాలుగు ఎండాకాలంలో ఒకరోజు, హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే వాదిరాజ అతన్ని లైబ్రరీలోకి పిలిచాడు. అమెరికా వాళ్ళు ఊరికే పంపే నున్నటి కాగితాల పత్రిక ఒకటి ముందు పెట్టుకొని ఉన్నాడు. అక్కడి సెనేటర్లను ఎవరో కూర్చోబెట్టి, మీ ముందున్న చిక్కులేమిటని అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు అచ్చేశారట. వాదిరాజ ఒక్కొక్కటే తెలుగు చేసి వినిపించాడు. ఒక సెనేటరు తన పార్టీకి దారీ తెన్నూ తెలియడం లేదన్నాడు. ఇంకొకడు, ఓట్ల భయానికి తప్పుడు చట్టానికి చేయెత్తానని ఒప్పుకున్నాడు. మరొకడు, సభలో సగంమంది కూర్చొనే నిద్రపోతారన్నాడు.

మౌలాలి తెరిచిన నోరు మూయలేదు. “ఇదంతా రాయొద్దు భాగం గదా అయ్యవారూ. అచ్చెట్లయింది?”

“వాళ్ళకు ఆ భాగమే లేనట్టుందన్నా. పెన్ను తెరిచి ఉన్నప్పుడే సెప్తారు.”

“పాపం, వాళ్ళకు బామ్మర్దులు లేరేమో.”

వాదిరాజ నవ్వి పత్రిక మూశాడు. “సెనేట్ అంటే ఏమనుకున్నావు, పెద్దల సభ. మనకూ ఉంది గదా శాసన మండలి. దాంట్లో మన లక్ష్మప్ప లేడా? పోయి అడుగు.”

లక్ష్మప్పకు ఊళ్ళో జిన్నింగు మిల్లు ఉంది. మండలికి పోయినప్పటి నుంచి సభలో ఆయన ఒక్కసారే నోరు తెరిచాడని, అది కూడా ఆవులింతేనని మిల్లు కూలీలు చెప్పుకునేవాళ్ళు. రాష్ట్రంలో గాలి మారగానే పాత కండువా బీరువాలో పెట్టి కొత్తది కప్పుకున్నాడు. ఆ కొత్త పార్టీయేమో మండలి దండగ, దాన్ని రద్దు చేయాలంటోంది. తాను కూర్చున్న కొమ్మను సొంత పార్టీ నరుకుతుంటే, గొడ్డలికి పిడి సరిపోయిందా లేదా అని చూసే రకం మనిషి.

మౌలాలి పేపరు ఆఫీసుకు ట్రంకాల్ చేశాడు. మన పెద్దల సభ మనిషితో మనసు విప్పించి మాట్లాడిస్తానన్నాడు. సంపాదకుడు అటువైపు నుంచి నవ్వి, “విప్పించు చూద్దాం. విప్పితే నీ పేరుతోనే వేస్తా” అన్నాడు. ఆ మాట పట్టుకొని మౌలాలి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నసీబ్‌బీ వాకిట్లో ఖాళీ బిందె మీద చేయి పెట్టుకొని చూసింది. “పేరు పడితే కొళాయిలో నీళ్ళొస్తాయా?” అని అడిగింది. అతను చెప్పులు తొడుక్కొని బయల్దేరాడు గాని, ఆ ప్రశ్న జేబులో వేసుకొని పోయినట్టు తర్వాత తేలింది.

మిల్లులో లక్ష్మప్ప దిండుకు ఆనుకొని కూర్చున్నాడు. దూది పింజలు గాల్లో తేలి ఆయన మీసాల మీద వాలుతున్నాయి. మండలి రద్దు గురించి మౌలాలి అడిగాడు.

“అధిష్ఠానం ఏది సెప్తే అదేనప్పా.”

“అధిష్ఠానం మిమ్మల్నే ఇంటికి పొమ్మంటాంది గదా సార్.”

“పొమ్మంటే పోవల్ల. క్రమశిక్షణ.”

“మీ పార్టీ ఏమన్నా దారి తప్పిందంటారా?”

“తప్పేదానికి ముందు దారుండల్ల గదా. ఇది రాయొద్దు.”

ఇట్లా చాలాసేపు నడిచింది. అమెరికా ప్రశ్నలన్నీ అయిపోయాయి. పేరు చేతికందకుండానే పోతోందని మౌలాలికి అర్థమయింది. చివరికి సొంత ఇంటి ప్రశ్న అడిగాడు. “మంత్రి ఎమ్మిగనూరుకొచ్చి టెంకాయ కొట్టి, ఆదోని నీళ్ళకు లెక్క మంజూరయిందని సెప్పి పోయినాడు. పైపులు యాడ సార్?”

ఆ రోజు లక్ష్మప్ప ఇంటికీ ట్యాంకరు రాలేదు. ముందురోజు కూడా రాలేదు. ఒళ్ళంతా దూది అంటుకొని, స్నానం లేక, చెమటతో అల్లాడుతున్నాడు. చర్రుమంది ఆయనకు.

“యాడి నుంచి తెచ్చేదప్పా పైపులు? సర్కారు కాడ లెక్క లేదు. ఆ పొద్దు కొట్టిన టెంకాయ కూడా నాదే. రాసుకో పో.”

రాసుకో. నిజం చెప్పి, రాసుకో అన్నాడు. సీమ చరిత్రలో ఈ రెండూ ఒకచోట కలవడం మౌలాలి ఎరుగడు. ఆయన నోటి నుంచి ఇంకో మాట పడేలోపల చెప్పులు చేత పట్టుకొని గేటు దాటాడు. విన్నది విన్నట్టు, టెంకాయతో సహా రాసి, కవరు రైలుకు అందించాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆదోనిలో లెక్క అంటే డబ్బు. జేబులో లెక్క లేకపోతే హోటల్లో టీ కూడా పోయరు. కాడ అంటే దగ్గర. ఇది ఇక్కడ పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. ఆ పేపరు అచ్చయ్యేది మాత్రం కృష్ణ ఒడ్డున. అక్కడ కుర్చీలో కూర్చున్న ఉపసంపాదకుడు ఎమ్మే తెలుగు చదివినవాడు. ఆయనకు తెలిసిన కాడ తోటకూర కాడ. ఆయనకు తెలిసిన లెక్క ఖాతరు, మర్యాద. సర్కారు కాడలో లెక్క ఏమిటని ఆలోచించి, పాపం సీమ విలేఖరికి వ్యాకరణం రాదని జాలిపడి, ఎర్ర సిరాతో దిద్దాడు. టెంకాయ ఎందుకొచ్చిందో అంతుపట్టక కొట్టేశాడు.

మూడోనాటి పొద్దున మౌలాలి బస్టాండులో కట్ట విప్పితే మొదటి పేజీలో గుమ్మడికాయంత అక్షరాలు కనిపించాయి. “సర్కారంటే నాకు లెక్క లేదు: ఎమ్మెల్సీ లక్ష్మప్ప తిరుగుబాటు.” మౌలాలి తన పేరు కోసం వెతికాడు. ‘మా ఆదోని విలేఖరి’ అని ఉంది. చోటు చాల్లేదట. లక్ష్మప్ప తిరుగుబాటుకు చోటుంది గాని మౌలాలి పేరులోని మూడు అక్షరాలకు లేకపోయింది.

పది గంటలకల్లా మిల్లు నుంచి పిలుపొచ్చింది. “నా కొంప తీసినావు గదరా” అని లక్ష్మప్ప లేచాడు. ఆయన చేయి పైకి లేచి ఉండగానే బయట డోలు మోగింది. ఎమ్మిగనూరు నేతపనివాళ్ళు లారీలో వచ్చి దిగారు. వాళ్ళ ముందు ఈరప్ప అనే పెద్దమనిషి చేంతాడంత పూలదండ పట్టుకొని వచ్చాడు. “ఇన్నాళ్ళకు ఒక్క మగోడు మాట్లాడినాడప్పా. నూలు ధర పెంచినప్పటి నుంచి ఈ మాట మా నాలిక మీదే ఉండాది” అంటూ దండ మెడలో వేశాడు. లేచిన చేయి అట్లే దండం పెట్టే చేయి అయిపోయింది. లక్ష్మప్ప మొహంలో రంగులు మారడం మౌలాలి దగ్గరుండి చూశాడు.

“ఏం సేసేదప్పా,” అన్నాడు లక్ష్మప్ప, గొంతు బొంగురు చేసుకొని. “కడుపు మండి అనేసినా.”

తర్వాత కౌతాళం రైతులు వచ్చి కన్నడంలో “హులి, హులి” అన్నారు. పులి అన్నమాట. పులి మీసాలకు నూనె రాసింది. మౌలాలిని పక్కన కూర్చోబెట్టుకొని టీ పోయించింది. మౌలాలికి ఈ మనిషి మీద ఎంత అసహ్యం పుట్టినా, పులి మాట నిలబడితే వచ్చేవారం తన పేరూ నిలబడుతుందని ఆశ కూడా పుట్టింది. ఆశ చెడ్డది, మనిషిని ఎవరి పక్కనైనా కూర్చోబెడుతుంది.

ఆ వారం తిరక్కుండానే మంత్రి మనిషి గోవిందన్న కర్నూలు నుంచి జీపులో దిగాడు. మిల్లు గదిలో తలుపు వేసి, మౌలాలిని కూడా లోపల ఉండమన్నాడు. పులి మీసాలు కిందికి దిగిపోయాయి.

“నేను ఆ మాట అన్లేదు గోవిందన్నా. సర్కారు కాడ లెక్క లేదన్నా. ఆడ ఎవుడో సదువుకున్నోడు మార్చినాడు. కావల్లంటే ఈ మౌలాలినే అడుగు.”

“అవున్సార్, అంతే అన్నారు,” అన్నాడు మౌలాలి, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయి. నిజం ఇద్దరినీ గట్టెక్కిస్తుందనుకున్నాడు, పిచ్చివాడు.

గోవిందన్న సీమ మనిషే గనక ఆయనకు అర్థం చెప్పనక్కర్లేకపోయింది. “లక్ష్మప్పా, సర్కారంటే లెక్క లేదంటే అది పొగరు. ఒక మందలింపుతో పోతుంది. సర్కారు కాడ లెక్క లేదంటే అది నిజం. మంత్రి టెంకాయ కొట్టి అబద్ధం సెప్పినాడని దాని అర్థం. దానికి నీ సీటు పోతుంది. ఏది అన్నావో నువ్వే సెప్పు.”

లక్ష్మప్ప ఎక్కువ ఆలోచించలేదు. “రెండూ అన్లేదు. అసలు నేను ఈ మనిషితో మాట్లాడనే లేదు.”

మౌలాలి ఒక అడుగు ముందుకేశాడు. “మీ నోటితోనే రాసుకో అన్నారు గదా సార్.”

“రాయొద్దని సెప్పేలోపల నువ్వు చెప్పులు చేత పట్టుకొని పరిగెత్తినావు. తప్పు ఎవురిది?”

పెద్దల సభలో పెద్దలు ఇట్లాగే మాట్లాడుకుంటారేమోనని మౌలాలి అనుకున్నాడు.

రెండు రోజులకు మొదటి పేజీలో, నల్లగీతల పెట్టెలో ప్రకటన పడింది. గౌరవ సభ్యులు లక్ష్మప్ప గారితో మాట్లాడకుండానే ఇంటర్వ్యూ కల్పించి రాసిన ఆదోని విలేఖరి మౌలాలిని తొలగించామని, జరిగినదానికి చింతిస్తున్నామని. ఈసారి చోటు చాలింది. పేరు లావు అక్షరాల్లో, మచ్చుకైనా అచ్చుతప్పు లేకుండా పడింది. విలేఖరి పని పీకేశారు గాని పేపర్లమ్మే పని పీకలేదు. ఆ పొద్దున బస్టాండులో ఆ పేపరు అమ్మింది కూడా మౌలాలే. కొన్నవాళ్ళు పేపరు చూశారు, అతన్ని చూశారు, కొందరు చిల్లర కూడా తీసుకోకుండా పోయారు. అవమానం కంటే ఆ జాలి ఎక్కువ మండింది.

నసీబ్‌బీకి చదువు రాదు. పక్కింటి ఉచ్చీరమ్మ, తన కొడుకు పేపరు చదువుతుంటే సగం విని వచ్చి, “మీ ఆయన పేరు పెద్దగా పడిందంట మొదటి పేజీలో” అని చెప్పింది. మౌలాలి ఇంటికి వచ్చేసరికి నసీబ్‌బీ వీధిలో చక్కెర పంచుతోంది. అతని నోట్లో కూడా చిటికెడు వేసి, “పడిందంట గదా, ఇంకనన్నా నవ్వు” అంది. అతను చక్కెర చప్పరిస్తూ గోడకు ఆనుకొని కూర్చున్నాడు. నిజం మర్నాడు చెప్పాడు. ఆమె తిట్టలేదు. అన్నేళ్ళలో అతను ఆమె ముందు ఏడ్చింది ఆ ఒక్కరోజే.

మరుసటి ఏడు జూన్‌లో మండలి నిజంగానే రద్దయింది. పెద్దలందరూ ఇళ్ళకు చేరారు. ఒక సాయంత్రం లక్ష్మప్ప బస్టాండుకు నడుచుకుంటూ వచ్చాడు. వెనక జీపు లేదు, మనుషులు లేరు. భుజం మీద పాత కండువా ఉంది, బీరువా వాసన ఇంకా పోలేదు.

“ఏం మౌలాలీ, బాగుండావా? పాత పార్టీవోళ్ళు రమ్మంటాండారు. ఆ పొద్దు నువ్వు రాసింది అక్షరాలా నిజమని, నేను సర్కారును ఎదిరించినానని నువ్వొక్క మాట రాసియ్యల్ల. నీకు ఇంకో పేపర్లో పని ఇప్పిస్తా. పేరుతో వేపిస్తా. ఈసారి మనసు విప్పి మాట్లాడతా, రాయొద్దు అనేదే లేదు.”

మౌలాలి అమ్ముడుపోని పేపర్లను లెక్కపెట్టడం ఆపాడు. పేరుతో అన్న మాట లోపల ఎక్కడో ఇంకా గుచ్చుకుంది, అది అబద్ధం కాదు. ఆయన వైపు తలెత్తి నెమ్మదిగా అడిగాడు.

“ఏ మాట రాయల్ల సార్? సర్కారు కాడ లెక్క లేదన్నదా, సర్కారంటే లెక్క లేదన్నదా?”

“రెండోదేనప్పా. అదే గదా అచ్చయింది.”

“అయితే మీరే రాసుకోండి సార్,” అన్నాడు మౌలాలి, కట్టకు తాడు బిగిస్తూ. “నా కాడ లెక్క లేదు. మీరంటే నాకు లెక్క లేదు. రెండూ నేనే అన్నా.”