పుట్టింటి రాగి విత్తనం

అనుమానం నాకు మా అమ్మ నుంచి వచ్చింది. ఏ నేలలో వేసినా దిగుబడి తగ్గని గుణం అది. పెళ్ళయి గుడియాత్తం దగ్గరి పల్లెకు కాపురానికి వెళ్ళినప్పుడు దాన్ని వెంట తీసుకుపోయాను. దాంతోపాటు గుడ్డసంచిలో మా పుట్టింటి రాగి విత్తనం కూడా.

మా పలమనేరు వైపు రాగి కంకి వేళ్ళు లోపలికి ముడుచుకుని పిడికిలిలా ఉంటుంది. అత్తగారింటి రాగి కంకి వేళ్ళు విప్పుకుని ఉంటుంది. గట్టు మీద నిలబడి చూసినా ఏది ఎవరిదో చెప్పవచ్చు. ఆ ఏడే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మా ఊరు అటు పోయింది, అత్తవారి ఊరు ఇటు తమిళుల వైపే ఉండిపోయింది. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడినా అత్త నన్ను "ఆంధ్రా దొరసాని" అనేది. నాకు ఒళ్ళు మండేది.

మా ఆయన వేలూరులో పని చేస్తూ వారానికొకసారి వచ్చేవాడు. మామ పోయాక సేద్యమంతా అత్తదే. ఆమె నా విత్తనం నారు పోసి, బావి కింద మడి ఒకటి చూపించి, "నీ నారు ఈడ నాటుకో" అంది. ఎండాకాలంలో గొర్రెల మంద కట్టిన మడి అది, ఎరువంతా అందులోనే ఉంది. ఇంత మంచి మడి నాకెందుకిచ్చిందా అని ఆ రోజంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాను. మిగిలిన నారును ఆమె మెరక మీద రాళ్ళ మడిలో సందులు పడిన చోటల్లా గుచ్చింది. అక్కడ ఎండబెట్టి, మా విత్తనం పనికిరాదని ఊరంతా చాటడానికే అనుకున్నాను. మళ్ళీ అటువైపు తొంగి చూడలేదు.

నా మడి విరగపండింది. కోతల రోజు అన్నిటికన్నా పెద్ద కంకులు ఏరి విత్తనానికని విడిగా పెట్టాను. అత్త వచ్చి వాటిని ఎత్తి తిండిగింజల కుప్పలో పోసేసింది.

"అయ్యో, ఇత్తనానికి పెట్టుకుంటి గదత్తా!"

"మంద కట్టిన చోట ఏది ఏసినా బలుస్తాది. ఆ బలుపు గొర్రెలది, గింజది కాదు. సుమ్మా ఉండు, ఊరికే గోల చేయబాక."

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మా విత్తనం ఈ ఇంట్లో లేకుండా చేయడమే ఆమె ఉద్దేశం, సందేహం లేదు. ఆమె అటు తిరగగానే కుప్పలోంచి రెండు గుప్పెళ్ళ కంకులు ఏరుకుని నా పెట్టెలో చీరల కింద దాచాను. మిగిలినవన్నీ సంగటయ్యాయి. ఆ సంగటి తిన్నన్నాళ్ళు ఆమె ముఖం చూడలేదు.

మరుసటి ఏడు పెరటి వెనక, మంద కట్టని మామూలు నేలలో నా గింజలు వేసుకున్నాను. అత్త చూసి ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం మీద కూడా నాకు అనుమానమే. కంకులు వచ్చాయి. పిడికిలి ఆకారం వచ్చింది గాని బరువు రాలేదు. నేను చూడనప్పుడు ఆమే ఏదో చేసి ఉంటుందనుకున్నాను.

ఆ కోపంతో మెరక మీదికి పోయాను. రాళ్ళ మడిలో సగానికి సగం పిడికిలి కంకులు! మొక్కకు నాలుగైదు పిలకలు, ప్రతి పిలకకూ నిండు కంకి. మా రాగే. నా పెట్టె తెరిచిందన్నమాట. కంకులు చూసుకుంటున్న అత్త మీదికి పోయి, "దొంగతనం చేసినావు" అని అరిచాను.

"నీ పెట్టె జోలి నాకెందుకమ్మే?" అందామె. "పోయినేడు మిగిలిన నారు ఈడ గుచ్చినా గదా. ఒక దినమన్నా వచ్చి చూసినావా? శానా మటుకు ఎండిపోయినాయి. నిలబడిన పది పన్నెండు మొక్కల కంకులే ఇత్తనానికి తీసినా. రాళ్ళల్లో నిండిన కంకి ఉండాదే, దాని సత్తువ దాందే. అదే పిల్లలకు దిగుతాది."

చాలా ఏళ్ళ తరవాత వ్యవసాయశాఖ ఉద్యోగి ఒకాయన మా ఊళ్ళో మీటింగు పెట్టి, కంకి బరువులో నేల ఇచ్చిందెంత, వంశం ఇచ్చిందెంత అని వేరుచేసి చూడాలని బోర్డు మీద గీతలు గీసి చెప్పాడు. నాకు వెంటనే అర్థమైంది. ఆ రోజు మాత్రం తలకెక్కలేదు.

"మరి నాకెందుకు చెప్పలేదు? యాడాది పొడుగునా ఏడిస్తి గదా!" అన్నాను.

"నిలబడతాదో లేదో నాకే తెల్లా. చెప్పినాక అది పోయుంటే?" అంది. ఇంకో కంకి తుంచుతూ మళ్ళీ తనే అంది. "నేనూ తెచ్చుకున్నా ఇత్తనం, తిరువలం నుంచి. మా అత్త ఒక్క గింజ మిగలకుండా ఇసుర్రాయిలో ఏసి పిండి ఇసిరిచ్చింది. నా చేతనే ఇసిరిచ్చింది."

నాకు సిగ్గేసింది. ఆమె పుట్టింటి రాగి కంకి ఎట్లా ఉండేదో అడగాలని అప్పుడు తోచలేదు. తోచేసరికి ఆమె లేదు.