కౌలు కారు

లీజు అంటే ఏందని నాయిన అడిగితే కౌలు అని చెప్పాను. తప్పు చెప్పలేదు, నిఘంటువులోనూ అదే ఉంటుంది. కానీ మా ఇంట్లో కొన్ని మాటలకు నిఘంటువు పనిచేయదు. అప్పటిదాకా జొన్నరొట్టె తింటున్న మనిషి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

“నేను జిందగంత కౌలు చేసింది సాలదా బిడ్డా? సదువుకున్నదానివి, నువ్వు గూడ కౌలు తీస్కుంటవా?”

బిజినేపల్లి దగ్గర ఒకరి చెల్క, అంటే మెట్ట చేను, కౌలుకు చేసి ఆయన నన్ను పళ్ల డాక్టరును చేశాడు. ఇప్పుడు నేను వనపర్తిలో పళ్ల దవాఖాన నడుపుతున్నాను. గురువారాలు ఉప్పునుంతల పోయి, అక్కడొక అద్దె గదిలో పేషెంట్లను చూసి వస్తాను. నాయిన నాతో వస్తాడు. పక్క సీట్లో కూర్చుని, ఎవరి చేనులో ఏం వేశారో, అది ఎందుకు వేయకుండా ఉండాల్సిందో దారి పొడుగునా చెబుతాడు. అది వినకుండా అంత దూరం బండి నడపడం నాకు రాదు. పాత కారు నడుమూ నా నడుమూ ఒకేసారి పోయాయి కాబట్టి కొత్తది తప్పలేదు. కొనడం కన్నా లీజుకు తీసుకుంటే పన్నుల్లో కలిసివస్తుందని మా ఆడిటరు చెప్పాడు. కౌలు బండి ఎక్కనని నాయిన చెప్పాడు. ఇద్దరూ ఆడిన మాట తప్పే రకం కాదు. గురువారం నా పక్క సీటు ఖాళీగా ఉంటుందేమోనని నాకు నిజంగానే భయం పట్టుకుంది.

ఈలోగా కబురు ఊరు దాటింది. మేనమామ వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, దవాఖాన సరిగ్గా నడుస్తలేదా అని మెల్లగా అడిగాడు. తన దగ్గర రెండు పొట్టేళ్లున్నాయని, మొహమాటపడొద్దని అన్నాడు. నేను విషయమంతా విడమరిచి చెప్పాను. ఆయన విని, పొట్టేళ్ల సంగతి మళ్లీ ఎత్తాడు.

కారు ఎంచుకునే పని మా ఆయన తన మీద వేసుకున్నాడు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఏది కొనాలన్నా కాగితం మీద గళ్లు గీసి మార్కులు వేస్తాడు. పెళ్లిచూపుల్లో నాకెన్ని పడ్డాయో ఇప్పటికీ బయటపెట్టలేదు. ఒక ఆదివారం అందరం హైదరాబాదు పోయాం. చూసుడుకు వస్త గాని ఎక్కనని నాయిన ముందే షరతు పెట్టాడు.

షోరూములో నాయిన కార్ల చుట్టూ సంతలో ఎద్దుల చుట్టూ తిరిగినట్టు తిరిగాడు. మొదటిది మెత్తని సీట్లది, లోపల కూర్చున్న మనిషిని బయటికి లాగడానికి ఇంకో మనిషి కావాలి. రెండోదానికి పైకప్పంతా అద్దమే. సేల్స్ మనిషి మీట నొక్కి ఆకాశం చూపించాడు. ఎండకాలం దీన్ని ఏం పెట్టి కప్పాలని నాయిన అడిగాడు. మూడోది చిన్నది, ఎత్తుగా ఉంది, సీటు నా నడుముకు కుదిరింది. డిక్కీలో గోల్ఫ్ సంచి పడుతుందని సేల్స్ మనిషి చెప్పాడు. రెండు బస్తాల వడ్లు పట్టవని నాయిన తేల్చాడు. ఇద్దరి మాటా నిజమే. ఇంత చిన్నదానికి అంత ధర ఎందుకని నేను అడిగితే, సేల్స్ మనిషి గోల్ఫ్ సంచి సంగతి మళ్లీ ఎత్తాడు. మా ఆయన గళ్లలో మూడోదే గెలిచింది.

లీజు మాట్లాడటానికి కంపెనీ ఆఫీసరు వనపర్తికే, మా దవాఖానకే వస్తానన్నాడు. ఆ సంగతి తెలిసి నాయిన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కౌలు మాట్లాడుడు నీకు తెల్వదు, నేను కూసుంట, ఎక్కుడు మాత్రం ఎక్క అన్నాడు. భుజాన తువ్వాల వేసుకుని ఆఫీసరు కన్నా ముందే నా గదిలో కూర్చున్నాడు.

పట్టాదారు ఎవరన్నది ఆయన మొదటి ప్రశ్న. కంపెనీ అని ఆఫీసరు చెప్పాడు. కంపెనీ అంటే ఎవరు, ఏ ఊరు, కొడుకులు ఎంతమంది అని నాయిన ఆరా తీశాడు. ముంబై అన్నదాకా వచ్చి ఆఫీసరు ఆగిపోయాడు. గుత్తకిస్తరా, పాలుకిస్తరా అన్నది రెండోది. గుత్త అంటే నికరంగా ఇంత అని కట్టేది, పాలు అంటే పండినదాంట్లో సగం ఇచ్చేది. పళ్లు పీకని నెల ఏమీ కట్టకుండా తప్పించుకోవచ్చని నాయిన ఆశ. అట్లాంటి స్కీము లేదని ఆఫీసరు ఎంతో వినయంగా చెప్పాడు. రాళ్లవానకు అద్దం పగిలితే పైసలు పట్టాదారుకు పోతాయా, నడిపేవాళ్లకు వస్తాయా అన్నది మూడోది. ఇన్సూరెన్సు వాళ్లే అద్దం వేయిస్తారని ఆఫీసరు అన్నాడు. నాయిన నమ్మలేదు.

నా గొడవ వేరే ఉంది. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లే తిరగాలని షరతు, దాటితే అదనం. ఉప్పునుంతల గురువారాలే అందులో సగానికి పైగా మింగేస్తాయి. హద్దు పెంచమని నేను పట్టుబట్టాను. తక్కువుంటేనే మంచిది, ఉత్తగ తిరుగుడు తగ్గుతది అని నాయిన అడ్డం పడ్డాడు. ఆఫీసరు ఆయన వైపు మొదటిసారి ప్రేమగా చూశాడు.

తర్వాత ఆఫీసరు నెలకు కట్టాల్సింది చెప్పాడు. నాయిన తువ్వాల దులిపి లేచాడు.

“మాకు కుదరదు సారు,” అని తలుపు వైపు నడిచాడు.

ఆఫీసరు గబగబా లేచి తలుపు తీసి పట్టుకున్నాడు. మెట్టుంది చూసుకోండని జాగ్రత్త చెప్పాడు. వెనక్కి వచ్చి, కిలోమీటర్ల దగ్గర ఆగాం కదా మేడం అన్నాడు.

మా దిక్కు కౌలు మాట్లాడటంలో లేచిపోవడం ఒక భాగం. పట్టాదారు రేటు చెప్పగానే కౌలుదారు లేవాలి, వాకిలి దాకా పోవాలి. అప్పుడు పట్టాదారు పిలవాలి. వెనక్కి వచ్చి కూర్చున్నాకే అసలు బేరం. పిలవకుండా తనంతట తాను తిరిగి రావడం మర్యాద కాదు.

అద్దంలోంచి బయటి హాలు కనిపిస్తోంది. నాయిన పేషెంట్ల వరసలో కూర్చున్నాడు. చెంప వాచిన ఒకామె ఏ పన్ను అని అడిగినట్టుంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. చెవి మాత్రం మా తలుపు వైపే ఉంది.

బిజినేపల్లి చెల్క ఆయన చేతికి వచ్చినప్పుడు అందులో మట్టి కన్నా రాళ్లెక్కువ. అమ్మా ఆయనా ఏరి గట్లు పోశారు, చెరువు మట్టి తోలారు. అది నల్లబడి పంట ఇయ్యడం మొదలుపెట్టాక, ఒక ఉగాదికి పట్టాదారు ఎప్పుడూ చెప్పనంత రేటు చెప్పాడు. నాయిన రివాజు ప్రకారం లేచాడు. వాకిలి దాకా పోయాడు. చెప్పులు వేసుకోవడానికి ఎంతసేపు పడుతుందో అంతకు రెండింతలు తీసుకున్నాడు. ఎవరూ పిలవలేదు. ఆ చేను ఇంకొకరికి పోయింది. ఇప్పటికీ గురువారాలు బిజినేపల్లి దాటేటప్పుడు ఆయన పంటల మాట ఆపేసి కళ్లజోడు తుడుచుకుంటాడు.

ఆఫీసరు ఏదో లెక్క చెబుతున్నాడు. నాకు వినబడలేదు. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి, ఆ రెండింటిలో ఏదీ ఆఫీసరుకు చెందింది కాదు. మీరు పోయి మా నాయినను పిలవాలి అన్నాను. కుదరదన్నారు కదా మేడం అన్నాడు. అందుకే పిలవాలి అన్నాను. ఎందుకో కూడా చెప్పాను. ఆయన ల్యాప్‌టాప్ మూసి, ఏమని పిలవాలో నన్ను అడిగి నేర్చుకుని, బయటికి పోయాడు.

“గట్ల పోతరేంది పెద్దాయనా. రండి, కూసోండి, మాట్లాడుకుందాం.”

పాఠం అప్పజెప్పినట్టే అన్నాడు. నాయిన వెంటనే లేవలేదు. తన జాగా జర చూడమని చెంప వాచినామెకు చెప్పి, అప్పుడు వచ్చాడు. వచ్చి పైసల ఊసే ఎత్తలేదు.

“గడువు అయినంక బండి ఎవరికన్న ఇయ్యాలనుకుంటే, ముందుగాల మా బిడ్డను అడగాలె. ఆమె ఒద్దంటేనే ఇంకొకరికి.”

అది ముందే రాసి ఉంది సార్, అందరికీ ఇస్తాం అని ఆఫీసరు కాగితం తిప్పి చూపించాడు. నాయిన నన్ను చదవమన్నాడు. ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పాను. మళ్లీ చదవమన్నాడు. కళ్లజోడు తీసి తువ్వాలతో తుడిచాడు.

“పెట్టు బిడ్డా సంతకం. గురువారం నేనొస్త,” అన్నాడు.

నేను పెన్ను వెతుక్కుంటుంటే ఆఫీసరు వైపు వంగి, బస్సు ఎన్నింటికని అడిగినంత మామూలుగా అడిగాడు.

“సారు, మీ కంపెనీ చెల్కలు గూడ కౌలుకిస్తదా?”

లేదు పెద్దాయనా అన్నాడు ఆఫీసరు, ఈసారి నేను నేర్పకుండానే.