పసుపు పోసిన రేడియేటర్

ఆ కారు కూడా పోతే మా ఆయన ఏమైపోతారో అన్నదే పోయిన ఎండాకాలమంతా నా దిగులు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి అక్కడే రిటైరయిన మనిషి. పేపరు చదవరు, టీవీ చూడరు, గుడికి రమ్మంటే చెప్పులకు కాపలా ఉంటానని బయటే నిలబడతారు. ఆయనకు మిగిలినవి రెండు చేతులూ, వాటికి పని చెప్పడానికి ఇరవై రెండేళ్ళ మా తెల్ల కారూ. దాన్ని ఇంకో మెకానిక్ ముట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు.

ఏప్రిల్‌లో ఒకరోజు కార్ఖానా సిగ్నల్ దగ్గర బానెట్ కిందనుంచి ఆవిరి లేచింది. రేడియేటర్ కింది పైపు నిలువునా చీలింది. ఆ మోడల్ కార్లు తయారుచేయడం మానేసి చాలా ఏళ్ళయింది, పైపులెక్కడ దొరుకుతాయి? చీలిన పైపును సంచిలో వేసుకుని ఇద్దరం విడిభాగాల దుకాణాలుండే రాణీగంజ్ వెళ్ళాం. నేనెందుకంటే, ఆయన ఒక దుకాణంలో లేదంటే చాలు, రెండో దుకాణం మెట్లెక్కరు. మొహమాటం.

నాలుగో దుకాణం ఆసామి కారు పేరు వినగానే నవ్వాడు. "గీ బండ్లు ఇంకా నడుస్తున్నయా సార్? దీని పైపులు బందయి ఎన్నేండ్లాయె."

"బండి నడుస్తుంది కాబట్టే వచ్చాం. నవ్వడం తర్వాత, పైపు సంగతి చూడండి" అన్నాను. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది.

"జెర ఆగున్రి అమ్మా. పాతది తెచ్చిన్రు గద, గది జూపియ్యిన్రి." గోడకున్న మేకులకు వేలాడుతున్న నల్లటి పైపులను ఒక్కొక్కటే దించి, మా పైపు పక్కన పెట్టి వంపులు పోల్చాడు. పేర్లూ నంబర్లూ ఏమీ లేవు, వంపు కలిస్తే చాలు. చివరికి ఏదో వ్యాను పైపు తీసి, "ఈ కొస బెత్తెడు కోస్తే సక్కగ కూసుంటది" అన్నాడు. మా ఆయన వేళ్ళతో లోపల తడిమి చూసి, సరేనన్నారు.

ఇంటికొచ్చి ఆయనే బిగించారు. రెండు రోజులు బాగానే ఉంది. మూడోనాడు కారు కింద నీళ్ళు. "పైపు నాసిది" అన్నారు. మళ్ళీ రాణీగంజ్, ఇంకో పైపు. మళ్ళీ నీళ్ళు. కూలెంట్ ఎటూ నేలపాలే కదా అని అప్పటికి రేడియేటర్లో ఉత్త నీళ్ళే పోస్తున్నాం. మూడో పైపు కూడా కారాక ఆయన చేతులు తుడుచుకుంటూ, నా మొహం చూడకుండా, "ఇగ తుక్కుకిచ్చేద్దాం తియ్" అన్నారు.

ఆ మాట విని భయపడ్డాను. ఎవరో చుట్టం మంచం పట్టినా "దానికేం, బాగైతది" అనే మనిషి. ఆయన నోట తుక్కు అన్న మాట నేను వినలేకపోయాను.

దారిలో రేడియేటర్ కారితే లారీ డ్రైవర్లు అందులో పసుపు పోస్తారని, అది పోయి సన్న చిల్లుల్లో కూరుకుంటుందని ఎప్పుడో ఆయనే చెప్పారు. ఆ సాయంత్రం ఆయన పాలకు వెళ్ళగానే, ఇంజను చల్లగా ఉండగా రేడియేటర్ మూత తీసి పసుపు పోశాను. ఆయన చెప్పింది ఒక చెంచా. మా తెనాలి వాళ్ళకు పసుపైనా కారమైనా చెంచాలతో కొలిచే అలవాటు లేదు. గుప్పెడు పడింది. కాసేపు ఇంజను నడిపి, ఏమీ ఎరగనట్టు వచ్చి పప్పు తాలింపు పెట్టుకున్నాను.

పొద్దున్న ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు చూస్తే కారు కింద నేలంతా గడపకు రాసినట్టు పసుపు. బానెట్ ఎత్తాను. పైపు ఒళ్ళంతా శుభ్రంగా ఉంది. పసుపు చార వచ్చింది పైపును పట్టి ఉంచే క్లిప్పు అంచు కిందనుంచి. అంటే తప్పు పైపుది కాదు, బిగింపుది.

నేను ఏ.ఎస్. రావు నగర్ దగ్గరి ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు ఇతరులు చేసిన సోల్డరింగులో తప్పులు పట్టి బతికినదాన్ని. కళ్ళజోడు పెట్టుకుని, గుడ్డతో తుడిచి దగ్గరగా చూశాను. క్లిప్పు వంకరగా ఉంది. స్క్రూ తల నలిగిపోయి ఉంది. దాని చుట్టూ రేకుమీదా రబ్బరుమీదా గీతలు, జారి జారి పడ్డ స్క్రూడ్రైవర్ గీతలు. కొత్తగా పని నేర్చుకునేవాడు కూడా అన్ని పెట్టడు. మా ఆయన బిగించిన స్క్రూ మీద ఒక్క గీత ఉంటే ఆయనకు అన్నం సహించదు.

అప్పుడన్నీ గుర్తొచ్చాయి. ఎండ కళ్ళలో కొడుతోందని కారు నన్ను నడపమనడం. టీ సగం గ్లాసే పొయ్యమనడం. గోడవైపు తిరిగి చొక్కా గుండీలు పెట్టుకోవడం. అన్నీ చూశాను, ఒక్కటీ పట్టుకోలేదు. నాకు ఏడుపు రాలేదు. ముందు ఒళ్ళు మండింది.

ఆయన తువ్వాలుతో తల తుడుచుకుంటూ బయటికొచ్చి నేల చూశారు. "ఏందిది? కారుకు పెండ్లి జేస్తున్నవా?"

"చెయ్యి చూపించండి" అన్నాను.

"ఏ చెయ్యి?"

"మీరు దాస్తున్న చెయ్యి."

తువ్వాలు కింద ఉన్న కుడిచెయ్యి తీశారు. కొంచెం వణుకుతోంది. నేను చూసేకొద్దీ ఎక్కువయింది.

"ఎప్పటినుంచి?"

"దసరా ముంగటి నుంచి."

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే స్క్రూడ్రైవర్ గుంజుకుంటవ్ గద నువ్వు."

చడామడా తిట్టాను. ఆర్నెల్లకు పైగా డాక్టరుకు చూపించకుండా కూర్చున్నందుకు, మంచి పైపులకు నాసివని పేరు పెట్టినందుకు, పక్కన ఉన్నదాన్ని పరాయిదాన్ని చేసినందుకు. ఆయన మెట్టుమీద కూర్చున్నారు. "మరి ఇగ నేనేం జెయ్యాలె?" అన్నారు. అది కారు గురించి అడిగింది కాదు. స్క్రూడ్రైవర్ తీసుకుని కారు దగ్గరికి వెళ్ళాను, ఏదో ఒకటి చెయ్యకపోతే అక్కడే కూలబడి ఏడ్చేదాన్ని.

క్లిప్పు వదులు చేయబోతుంటే వెనకనుంచి గొంతు వినిపించింది. "ముందుగాల ఆ పసుపు నీళ్ళన్నీ తియ్. రేడియేటర్ జామైతది. ఎంత పోసినవ్?"

"గుప్పెడు."

"నీ పాడుగాను" అన్నారు. నవ్వలేదు గానీ లేచి వచ్చి పక్కన నిలబడ్డారు.

నీళ్ళు తీశాను, కడిగాను, డబ్బాలో దాచి ఉంచిన కొత్త క్లిప్పు ఎక్కించాను. "వంకర పెట్టినవ్, తియ్" అన్నారు. తీశాను. "ఇంకా కొసకు జరిగింది, తియ్." మళ్ళీ తీశాను. ముప్ఫై ఏళ్ళలో నా పనిని అలా ఎవరూ తిరగ్గొట్టలేదు. వేరేవాళ్ళయితే స్క్రూడ్రైవర్ మొహాన కొట్టేదాన్ని. మూడోసారి బిగిస్తుంటే ఆయన ఎడమచేత్తో పైపు కదలకుండా పట్టుకుని, "ఆఁ, ఇంకో సుట్టు. ఇంకో అర సుట్టు. బస్" అన్నారు. అరగంట ఇంజను నడిపాం. చుక్క కారలేదు.

ఆ మధ్యాహ్నమే నరాల డాక్టరు దగ్గరికి బయల్దేరాం. నేను నడుపుతున్నాను. ఆయన పక్క సీట్లో రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కుడిది వణుకుతూనే ఉంది, దాన్ని ఎడమదానితో పట్టుకోవడం లేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా నా కళ్ళు అటే పోతున్నాయి.

"నా చెయ్యేం జూస్తవ్? టెంపరేచర్ ముల్లు జూడు" అన్నారు.

చూశాను. సగానికి కిందే ఉందని చెప్పాను.

"మల్ల జూడు" అన్నారు.