సబ్జా గింజ ఈదిన సీసా

ఒక ఊరి నీళ్ళ సంగతిని ఒక్క సీసాతో చెడగొట్టబోయిన ఘనుణ్ణి నేను. కావాలని చెడగొట్టి ఉంటే కనీసం దుర్మార్గుడన్న పేరైనా వచ్చేది. మేలు చేయబోయి చెడగొట్టాను కాబట్టి నవ్వు మాత్రమే మిగిలింది. అందులో మీ వంతు మీకు ఇస్తాను, వినండి.

గిద్దలూరులో మాకు ప్లాస్టిక్ సామాన్ల దుకాణం ఉంది. బిందెలు, బకెట్లు, కుర్చీలు, నీళ్ళ క్యాన్లు అమ్ముతాం. నాయన మొదలుపెట్టాడు, నేను నడుపుతున్నాను. మూడేళ్ళ కిందట డాక్టరు నా రక్త పరీక్ష కాగితం చూసి, "ఇంకో ఏడాది ఇట్లనే గల్లా ముందు కూర్చుంటే షుగరు ఖాయం. పొద్దున పూట ఒళ్ళు కదిలించు" అన్నాడు. సరేనని గేర్ల సైకిలు కొన్నాను. రోజూ తెల్లవారగానే కొమరోలు రోడ్డు పట్టుకుని పన్నెండు కిలోమీటర్లు పోవడం, మళ్ళీ తిరిగి రావడం.

సైకిలుతోపాటు ఒక నీళ్ళ సీసా ఉచితంగా ఇచ్చారు. నా పతనం అక్కడే మొదలైంది. మార్చి ఎండకే ఆ సీసాలో నీళ్ళు కొత్త చెప్పుల వాసన కొట్టేవి. ఎందుకా అని ఫోనులో వెతికాను. కొన్ని ప్లాస్టిక్‌లలో రసాయనాలు ఉంటాయనీ, ఎండకు వేడెక్కితే అవి నీళ్ళలోకి దిగొచ్చనీ, సీసా అడుగున త్రికోణంలో ఉండే అంకెను బట్టి అది ఏ రకమో తెలుసుకోవచ్చనీ చదివాను. చదివిన దాంట్లో తప్పు లేదు. చిక్కంతా చదివినవాడితోనే. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాది ఒకేసారి పోలేదు, గుక్క గుక్కగా పోయింది.

ఆ వారమంతా కంటబడిన ప్రతి సీసానూ ఎత్తి అడుగు చూశాను. బంధువుల పెళ్ళిలో పక్కాయన నీళ్ళు తాగుతుంటే, "కొంచెం ఎత్తి పట్టుకో మామా" అని కిందికి వంగాను. ఆయన పాపం మర్యాదస్థుడు, ఎత్తి పట్టుకున్నాడు. సగం నీళ్ళు ఆయన పంచె మీద, సగం నా నెత్తి మీద పడ్డాయి. మరుసటి రోజు దుకాణంలో బిందె కొనవచ్చిన ఒకామెతో, "దీన్ని ఎండలో పెట్టొద్దమ్మా, అంత మంచిది కాదు" అన్నాను. ఆమె బిందెను కింద పెట్టి వెళ్ళిపోయింది.

నాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఏందిరా ఇది? కల్లంగడిలో కూర్చోని తాగొద్దని చెప్పినట్టుంది."

"నిజం చెప్పాల గదా నాయనా."

"చెప్పు. ముందు ఆ బోర్డు దించి చెప్పు."

ఇంట ఓడినవాడే రచ్చకెక్కుతాడు. నేను మంచి సీసా కోసం బయలుదేరాను.

మొదట స్టీలు సీసా. సైకిలు కడ్డీకి ఉండే పట్టీలో అది వదులైంది. గతుకు వచ్చినప్పుడల్లా టంగు టంగుమనేది. ఆ చప్పుడుకు దారి పొడుగునా ఊళ్ళలోని కుక్కలన్నీ నన్ను తరిమాయి. ఆ వారం నా వ్యాయామం డాక్టరు చెప్పిన దానికి రెట్టింపయింది. తరువాత రాగి సీసా. అందులో నిమ్మకాయ పిండి, ఉప్పేసి, సబ్జా గింజలు కలుపుకుని పోయాను. సగం దారిలో కడుపులో తిప్పింది, రోడ్డు పక్కన కూర్చుండిపోయాను. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ పద్మ, "రాగి చెంబులో పులుపు పొయ్యగూడదని మా అవ్వ చెప్తానే ఉండె. నీ ఫోన్లో రాలేదా?" అంది.

చివరికి గాజు దొరికింది. షర్బత్తు అయిపోయిన సీసా ఒకటి కడిగి, పాత స్వెట్టరు చెయ్యి కత్తిరించి దానికి తొడిగాను. వాసన లేదు, రుచి లేదు, పులుపు పోసినా పలకదు. లోకంలో నమ్మదగింది గాజు ఒక్కటేనని తీర్మానించుకున్నాను.

నేను రోజూ వెనక్కి తిరిగే చోట ఒక చిన్న ఊరు ఉంది. రోడ్డు పక్కనే చర్చి, చర్చి ముందు అరుగు. ఆ అరుగు మీద కాసేపు కూర్చుని ఆయాసం తీర్చుకునేవాణ్ణి. అక్కడే రూతమ్మ పరిచయమైంది. కూలి పనికి పోయే మనిషి, నలభై ఏళ్ళుంటాయి. వాళ్ళ అత్తకు మోకాళ్ళు వంగిపోయి, గోడ పట్టుకుంటే తప్ప నడవలేదు. ఊళ్ళో పిల్లల పళ్ళ మీద పసుపు గీతలు. పాత బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువని అందరికీ తెలుసు. ఆ మధ్యే చర్చి వెనక కొత్త బోరు వేశారు. నీళ్ళు బాగా పడ్డాయి. పాస్టరు గారు బోరు దగ్గర ప్రార్థన కూడా చేశారు. ఇక మిగిలింది పరీక్ష ఒక్కటే.

ఆ పొద్దు నేను అరుగు దగ్గర దిగేసరికి రూతమ్మ నాకోసమే నిలబడి ఉంది. చేతిలో తెల్లటి ప్లాస్టిక్ సీసా, దానికి అంటించిన కాగితం.

"అన్నా, బస్సు రాలేదు. కొత్త బోరు నీళ్ళు ఈ పొద్దే ల్యాబులో ఇయ్యాల. తప్పితే మళ్ళా వచ్చే నెలకే అంట. నువ్వు ఎట్లా గిద్దలూరు పోతావు గదా."

"నేనిస్తాలే అక్కా."

"మూత తీయొద్దని చెప్పినారు."

"నాకు తెలుసులే" అన్నాను. నాకేమీ తెలియదు.

దారిలో ఎండ చురుక్కుమంది. కాళ్ళ మధ్య పట్టీలో ఆ తెల్ల సీసా ఎండకు మెరుస్తోంది. నా గుండె ఊరుకోలేదు. ఒక ఊరి నీళ్ళు ప్లాస్టిక్‌లో ఉడుకుతున్నాయి, రసాయనాలన్నీ దిగుతున్నాయి, రేపు ల్యాబువాళ్ళు ఈ నీళ్ళు చెడ్డవని రాస్తే ఆ పాపం ఎవరిది? ఒక వేపచెట్టు కింద ఆగాను. నా గాజు సీసాలో మిగిలిన నిమ్మనీళ్ళు చెట్టు మొదట్లో పారబోశాను. రూతమ్మ నీళ్ళతోనే రెండుసార్లు తొలిచి, మిగిలినవి అందులో పోశాను. కాగితం ఊడదీసి, ఉమ్మి తడి చేసి, గాజుకు అంటించాను. తెల్ల సీసాను ఇంకెవరూ వాడకూడదని కాలితో తొక్కి నలగ్గొట్టాను. మంటల్లోంచి పసిబిడ్డను ఎత్తుకొచ్చినంత గర్వంగా మళ్ళీ సైకిలెక్కాను.

ల్యాబులో పాతికేళ్ళ అమ్మాయి ఉంది. స్వెట్టరు తొడిగిన సీసాను అటూ ఇటూ తిప్పి చూసింది.

"మేమిచ్చిన సీసా యాడ సార్?"

ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. ప్లాస్టిక్ గురించి, ఎండ గురించి, త్రికోణంలోని అంకెల గురించి తెలిసినదంతా చెప్పాను. ఆ అమ్మాయి మధ్యలో అడ్డు రాలేదు. అయిపోయాక సీసాను వెలుతురుకు ఎత్తింది.

"ఇదేంది సార్, ఈదుతా ఉంది?"

సబ్జా గింజ. నీళ్ళు తాగి ఉబ్బి, తీరిగ్గా తిరుగుతోంది.

"నిమ్మరసం కూడా ఉండిందా?"

"కడిగినానమ్మా. రెండు సార్లు."

"సార్, ఫ్లోరైడు పరీక్షకు గాజు సీసాలో నీళ్ళు తీసుకోము. ఫ్లోరైడు కొంత గాజుకు పట్టుకుంటుంది. లెక్క తక్కువ రావచ్చు. అందుకే ప్లాస్టిక్‌ది ఇచ్చేది."

"తక్కువ వస్తే ఏమైతుంది?"

"నీళ్ళు మంచివని రాస్తాం. ఊరు తాగుతుంది."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది, నేనూ కాస్త వాదించేవాణ్ణి. రూతమ్మ వాళ్ళ అత్త గుర్తొచ్చింది. గోడ పట్టుకున్న ఆ వేళ్ళు గుర్తొచ్చాయి.

ఆ అమ్మాయే జాలిపడి ఇంకో తెల్ల సీసా తీసి ఇచ్చింది. "మధ్యాహ్నం మూడు కొట్టే లోపల తెస్తే తీసుకుంటా సార్."

ఇంటికి పోయి మోటారు బండి తీసుకోవచ్చు. కానీ ఇంటికి పోతే నాయనకు సంగతి చెప్పాలి. దానికంటే పన్నెండు కిలోమీటర్ల ఎండే నయమనిపించింది. తాగడానికి చుక్క నీళ్ళు లేవు. కొనుక్కోవాలన్న బుద్ధి కూడా పుట్టలేదు. ఊరు చేరేసరికి నాలుక అట్టముక్కయింది. రూతమ్మ మిరప చేలో కాయలు కోస్తోంది. గట్టు మీద నిలబడి జరిగింది చెప్పాను. పక్క సాళ్ళలోని ఆడవాళ్ళు కూడా చేతులాపి విన్నారు.

"మూత తీయొద్దని చెప్తి గదన్నా" అంది రూతమ్మ.

"మంచి జరుగుతుందని చేసినానక్కా."

"ఎవరికి?"

ఆమె చెట్టు నీడన తడి గోనెగుడ్డ చుట్టి పెట్టిన పాత కూల్‌డ్రింకు సీసా తెచ్చి నా చేతికిచ్చింది. "ముందు తాగు. నువ్వు ఈడ పడిపోతే మోసేదానికి మగోళ్ళు గూడా లేరు." గటగటా తాగాను. అడుగున ఏ అంకె ఉందో చూడలేదు.

ఆ పూట పని వదులుకుని రూతమ్మ నాతో వచ్చింది. కొత్త బోరు మోటారు వేయించి, కాసేపు నీళ్ళు వదిలేసి, అవే నీళ్ళతో సీసా కడిగి నింపింది. నేను చెయ్యి చాపాను. ఆమె సీసాను కొంగులో చుట్టుకుంది.

"ఇది నా దగ్గర ఉంటది. నువ్వు ఎనకాల రా."

ఆమె షేర్ ఆటో ఎక్కింది. నేను వెనకాలే తొక్కాను. రెండున్నర దాటాక ల్యాబులో ఆమే సీసా అందించింది. వాకిట్లో నిలబడి నేను చూశాను. ఆ రోజు మొత్తం మీద నేను సక్రమంగా చేసిన పని అదొక్కటే.

పది రోజులకు కాగితం వచ్చింది. దాన్ని ఊరికి తీసుకుపోయి అరుగు మీద నేనే చదివాను. ఫ్లోరైడు ఉండాల్సిన దానికంటే ఎక్కువ. తాగడానికి పనికిరావు. చేసిన ప్రార్థనా, వేసిన బోరూ, పడిన ఆశా అన్నీ ఆ కాగితంలో రెండు వరుసలయ్యాయి. ఎవరి మొహం చూడాలో తెలియక నేను కాగితమే చూస్తున్నాను.

అప్పుడు రూతమ్మ అంది: "ఆ పొద్దు నీ గాజు సీసానే ఇచ్చింటే, మాకు మంచినీళ్ళు పడిండేవి గదన్నా."

ముందు వాళ్ళ అత్త నవ్వింది. తరువాత అరుగంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ మంచినీళ్ళు ఎంత తేలిగ్గా పడి ఉండేవో అక్కడున్న వాళ్ళందరికంటే నాకే బాగా తెలుసు. ఆ కాగితం పట్టుకుని వాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఎనిమిది నెలలకు ఊళ్ళో ఫిల్టరు నీళ్ళ షెడ్డు లేచింది.

ఇప్పుడు నా సైకిలుకు స్టీలు సీసానే ఉంది, చప్పుడు రాకుండా పాత ట్యూబు ముక్క చుట్టాను. ప్లాస్టిక్ గురించి నేను చదివింది ఇప్పటికీ నమ్ముతాను, ఎండలో సీసా వదలను. అయితే కొమరోలు రోడ్డు మీదున్న కిలోమీటరు రాళ్ళన్నీ సాక్షిగా ఒక ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఇంకెవరి నీళ్ళకూ మేలు చేయను. చెప్పిన పని మాత్రం, చెప్పినట్టు చేస్తాను.